కనుమలో ఆగిన ఆగని పని

అడవి చాలా పెద్దదే కానీ, అందులో గిడ్డంగి మాత్రం ఒక్కటే ఉండేది. వాగు ఒడ్డున, మద్దిచెట్ల మధ్య, చదునైన చోట కట్టుకున్నారు దాన్ని. ఎండాకాలంలో జంతువులన్నీ తలా ఇంత తెచ్చి అందులో వేసేవి. ఇప్పపువ్వు, ఎండు రేగుపళ్లు, వెదురుబియ్యం, అడవిదుంపలు. వానలు ముదిరి బయట ఏమీ దొరకని రోజుల్లో మళ్లీ అక్కడి నుంచే తెచ్చుకుని తినేవి.

ఆ గిడ్డంగిని చూసుకునేది ముళ్లపంది శూలమ్మ. చెడ్డ మనిషి కాదు. కానీ ఆమె చేతి మీదుగా ఒక గింజ బయటికి రావాలంటే అడిగేవాళ్లకు చెమటలు పట్టేవి.

"మొన్ననే కదా తీసుకెళ్లారు?" అనేది.

"పిల్లలమ్మా. ఆకలంటున్నారు."

"పిల్లలకు ఆకలి ఎప్పుడూ ఉంటుంది. గిడ్డంగి కూడా ఎప్పుడూ ఉండాలా, వద్దా?"

ఇచ్చింది పుచ్చుకుని వెళ్లిపోయేవాళ్లు. శూలమ్మకు పిల్లల్లేరు. బుట్టలకే వీపు ఆనించి పడుకునేది. "నా బుట్టలు" అనేది.

ఒక ఏడాది వాగు కాస్త పొంగి గిడ్డంగి గుమ్మంలోకి వచ్చింది. అడుగు వరస బుట్టలు తడిశాయి. పెద్ద నష్టమేమీ కాదు. తడిసిన ఇప్పపువ్వు పులిసిపోతే దాన్ని అడవిపందులు తిని, సాయంత్రమంతా పాటలు పాడుకుంటూ తిరిగాయి. అంతకు మించి జరిగిందేమీ లేదు.

కానీ విషయం పాలకమండలి దాకా వెళ్లింది. మండలికి ఛైర్మన్ అడవిదున్న గంగులప్ప. భారీ మనిషి, అంతే భారీగా నిదానం. ఆయన వీపు మీద ఎప్పుడూ కొంగ ధవళయ్య ఉండేవాడు. గంగులప్ప గారికి రావాల్సిన ఆలోచన ఏదైనా సరే ముందు ధవళయ్యకే వచ్చేది. అతను వంగి చెవిలో చెప్పాకే గంగులప్ప గారికి వచ్చేది.

"పొరుగడవిలో ఒక నిపుణుడున్నారటండి," అన్నాడు ధవళయ్య చెవిలో.

"పొరుగడవిలో ఒక నిపుణుడున్నాడు," అన్నాడు గంగులప్ప సభతో.

అలా వచ్చాడు పునుగుపిల్లి పరిమళరావు. ముందు వాసన వచ్చింది, ఆ తర్వాత ఆయన వచ్చాడు. మెడలో పూసలు, నడకలో తొందర. కూర్చోకుండానే అడిగాడు.

"మీ సంస్థకు నిరంతర కార్యనిర్వహణ ప్రణాళిక ఉందా?"

సభలో ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గంగులప్ప గొంతు సవరించుకున్నాడు. "ఉండేది. మొన్న వానకు తడిసిపోయి ఉంటుంది."

"ఆపద వచ్చినా పని ఆగకూడదు. అదే దాని సారాంశం," అన్నాడు పరిమళరావు.

"ఆహా," అన్నారు అందరూ. అంత పెద్ద పేరు ఎవరికీ నోరు తిరగక 'ఆగని పని పథకం' అని పిలుచుకోవడం మొదలుపెట్టారు.

పరిమళరావు అడవి అంతా తిరిగి చూశాడు. తిరిగిన ప్రతిచోటా ఆయనకు మర్యాదలు జరిగాయి. చివరికి వచ్చి పథకం వివరించాడు. కొండ మీద బండల మధ్య ఉన్న గుహలో రెండో గిడ్డంగి పెట్టాలి. సరుకులో సగం పైకి చేర్చాలి. కింద ఆపద వస్తే సిబ్బంది అంతా, సరుకంతా పైకి. పైన ఆపద వస్తే అంతా కిందికి. ఎవరి ఆజ్ఞ కోసమూ ఎదురు చూడకుండా వెంటనే బయల్దేరాలి.

శూలమ్మ చేయెత్తింది. "అయ్యా, రెండు చోట్లా ఒకేసారి వస్తే?"

పరిమళరావు ఆమె వైపు దయగా చూశాడు. "మంచి ప్రశ్న. ఆ అవకాశాన్ని కూడా మేము పరిశీలించామమ్మా. పరిశీలించి, అది జరగదని నిర్ణయించాం."

సభ చప్పట్లు కొట్టింది. శూలమ్మ కూర్చుంది.

"ఇంకో ముఖ్యమైన మాట," అన్నాడు పరిమళరావు. "ఆపద సమయంలో సరుకుకు అతి పెద్ద ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? వరద నుంచి కాదు. తినేవాళ్ల నుంచి. కాబట్టి మబ్బు పట్టగానే పంపిణీ ఆపేయాలి."

ఈ మాట శూలమ్మకు బాగా నచ్చింది. ఇన్నాళ్లూ తను ఒక్కతే నమ్మిన సంగతిని ఇంత చదువుకున్నాయన నోట వినేసరికి ఆమె ముళ్లు సంతోషంతో చిన్నగా గలగలలాడాయి.

సగం సరుకు కొండెక్కింది. పై గిడ్డంగి ఎలా ఉందో చూద్దామని గంగులప్ప ఒకసారి వెళ్లాడు. అక్కడ చల్లగాలి, దోమలు లేవు, అడవి అంతా కాళ్ల కింద పరిచినట్టు కనిపిస్తుంది. చూసి వస్తానన్నవాడు అక్కడే ఉండిపోయాడు. ధవళయ్యను పై గిడ్డంగికి మేనేజరుగా వేశారు. చుక్క నీరు లేని కొండ మీద కొంగకు ఏం పనని ఎవరూ అడగలేదు, అడిగేవాళ్లంతా కిందే ఉండిపోయారు కనుక.

కొన్నాళ్లకు బోర్డులు మారాయి. ఛైర్మన్ గారు ఉండేదే ప్రధాన గిడ్డంగి కావాలి కాబట్టి పైన 'ప్రధాన' అని రాశారు. కింద, మద్దిచెట్ల మధ్య, శూలమ్మ పుట్టకముందు నుంచీ ఉన్న గిడ్డంగికి 'ప్రత్యామ్నాయ' అని తగిలించారు. శూలమ్మ ఆ బోర్డు కింద నిలబడి చాలాసేపు చూసింది. ఆ వారమంతా అడిగినవాళ్లకు ఇంకాస్త తక్కువ కొలిచింది.

పైకీ కిందికీ మధ్య ఉన్నది ఒకటే దారి. ఒక పక్క నిలువు బండ, ఇంకో పక్క లోయ. సగం దూరంలో కనుమ. అక్కడ బండ ముందుకు పొడుచుకొచ్చి చూరులా ఉంటుంది. అక్కడ తప్ప ఆ దారిలో ఎక్కడా నిలువ నీడ లేదు.

పథకానికి నమూనా విన్యాసం కూడా జరిగింది. మంచి ఎండ కాసే రోజు చూసి, ఖాళీ బుట్టలతో అడవిపందులు కింద నుంచి పైకి ఎక్కాయి. గంగులప్ప పై నుంచి చేయి ఊపాడు. పై నుంచి కిందికి మాత్రం విన్యాసం చేయలేదు. ఛైర్మన్ గారు దిగి రావడం చూడ్డానికి బాగుండదని ధవళయ్య అన్నాడు.

ఆ తర్వాత వానాకాలం వచ్చింది.

మొదటి మబ్బు పట్టగానే, పథకం ప్రకారం, రెండు గిడ్డంగులూ తలుపులు మూశాయి. మబ్బు పట్టింది కానీ కురవదు. కురవలేదు కదా అని తలుపులూ తీయరు. అలా రోజులు గడిచాక ఒక్కసారిగా అందుకుంది వాన. ఇక ఆగలేదు.

ఎలుగుబంటి ఈరమ్మ వానలో తడుస్తూ శూలమ్మ గుమ్మానికి వచ్చింది. ఎండాకాలమంతా ఇప్పచెట్ల కింద తిరిగి ఆ గిడ్డంగిలో బుట్టలకు బుట్టలు పోసిన మనిషి. వీపు మీద ఇద్దరు పిల్లలు బొచ్చు పట్టుకుని వేలాడుతున్నారు.

"గుప్పెడు పువ్వు ఇప్పించు తల్లీ. పిల్లలు నిన్నటి నుంచి ఏమీ తినలేదు."

"ఇవ్వడానికి లేదమ్మా. ఆపద కాలం. పథకం నడుస్తోంది."

"ఆ పథకం ఎవరి కోసమమ్మా?"

"మీ కోసమే."

ఈరమ్మ ఒక్క తోపు తోస్తే ఆ తలుపు నిలిచేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె వెనక్కి తిరిగి వానలోకి నడిచింది. శూలమ్మ తలుపు వేసుకుని బుట్టలు లెక్కపెట్టబోయింది. మధ్యలో లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ తప్పింది.

మర్నాడు పొద్దున వాగు గుమ్మం దాటి లోపలికొచ్చింది.

శూలమ్మ కంగారు పడలేదు. ఆ విషయంలో ఆమెను మెచ్చుకోవాల్సిందే. అడవిపందులను పిలిచి బుట్టలన్నీ వీపుల మీదికి ఎక్కించింది. గిడ్డంగి ఖాళీ అయ్యిందని, కింద లెక్క ముగిసిందని గట్టిగా ప్రకటించి, తలుపు తాళం అక్కడే వదిలి, పైకి బయల్దేరింది.

సరిగ్గా అదే సమయానికి కొండ మీద బండలు కదిలాయి. గుహ పైకప్పు నుంచి మట్టి రాలింది. ధవళయ్య గంగులప్ప వీపు మీద ఎగిరి కూర్చుని "ఆపదండీ! కిందికి!" అని అరిచాడు. కొండమేకలు బుట్టలు మోశాయి. ఆ పూట అక్కడే విందుకు వచ్చి ఉన్న పరిమళరావును మధ్యలో పెట్టుకుని అందరూ దిగడం మొదలుపెట్టారు.

ముందుగా కబురు పంపాలని పథకంలో ఉంది. రెండు వైపుల నుంచీ పంపారు కూడా. కింద నుంచి బయల్దేరిన కౌజుపిట్ట, పై నుంచి బయల్దేరిన కౌజుపిట్ట దారిలో ఒకే పొద కింద తలదాచుకున్నాయి. ఒకదాని కబురు ఇంకొకటి శ్రద్ధగా విని, అయ్యో అనుకున్నాయి.

కనుమ మలుపులో శూలమ్మ తల ఎత్తి చూసేసరికి దారికి అడ్డంగా గంగులప్ప ఉన్నాడు.

"మీరేంటి ఇక్కడ?" అంది శూలమ్మ.

"నువ్వేంటి ఇక్కడ?" అన్నాడు గంగులప్ప.

"కింద వరదండీ. మేం పైకి వస్తున్నాం. పథకం ప్రకారం మీరు పైన ఉండి మమ్మల్ని చేర్చుకోవాలి."

"పైన బండలు కూలుతున్నాయి. మేం కిందికి వస్తున్నాం. మీరు కింద ఉండి మమ్మల్ని చేర్చుకోవాలి," అన్నాడు ధవళయ్య గంగులప్ప వీపు మీది నుంచి. "దారి ఇవ్వండి. ప్రధాన గిడ్డంగి సరుకు ముందు వెళ్లాలి."

"ఎక్కడికి వెళ్లాలి? కింద నీళ్లున్నాయి!"

"అది మీ విభాగం చూసుకోవాలి."

శూలమ్మ ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి. గంగులప్ప ఒక అడుగు వెనక్కి వేయబోయాడు. పోలేకపోయాడు. ఆ దారిలో ఆయన శరీరం బండకూ లోయ అంచుకూ మధ్య సరిగ్గా బిరడాలా బిగిసింది. ముందుకు రాలేడు, వెనక్కి తిరగలేడు. ఆయన వెనక కొండమేకలు, శూలమ్మ వెనక అడవిపందులు, అందరి వీపుల మీదా బుట్టలు.

"నిపుణుణ్ణి పిలవండి," అన్నాడు గంగులప్ప.

పరిమళరావు మేకల కాళ్ల మధ్య నుంచి దూరి ముందుకొచ్చాడు. వానకు ఆయన వాసన అంతా కొట్టుకుపోయింది. అటూ ఇటూ చూసి మొహం వెలిగించుకున్నాడు.

"అభినందనలు! రెండు కార్యాలయాలూ ఒక్క అక్షరం కూడా తప్పకుండా పథకం అమలు చేశాయి. ఇలా జరగడం నేనెక్కడా చూడలేదు."

అప్పుడే పైన ఎక్కడో పెద్ద చప్పుడైంది. బండొకటి జారి దారి మీద పడింది. కింద వాగు దారి మొదలును ముంచేసిందని వెనక నుంచి అడవిపందులు కేకేశాయి. ఇక వెళ్లడానికి ఏ వైపూ మిగల్లేదు.

ఆ గొడవంతా చూరు కింద నుంచి కొందరు చూస్తున్నారు. అడవిలో తలదాచుకునే చోటు లేనివాళ్లంతా అక్కడికే చేరి ఉన్నారు. కుందేళ్లు, కోతులు, ఒక ముసలి కణుజు దుప్పి, ఈరమ్మ, ఆమె పిల్లలు. వాళ్లంతా మనుషులను చూడలేదు. బుట్టలను చూశారు.

ఈరమ్మ ముందుకొచ్చింది. "శూలమ్మ తల్లీ, ఇప్పుడైనా ఇస్తావా?"

శూలమ్మ అలవాటుగా నోరు తెరిచింది. తెరిచాక గుర్తొచ్చింది. "నాకు అధికారం లేదమ్మా. ఈ సరుకు కింద లెక్క ముగించి వచ్చాను. పైన వాళ్లు తీసుకుంటే తప్ప ఇది ఎవరికీ ఇవ్వకూడదు. ఇప్పుడిది నాది కాదు."

"మరి మీరయ్యా?" అంది ఈరమ్మ ధవళయ్యతో.

"మేం కూడా పైన లెక్క ముగించేశాం," అన్నాడు ధవళయ్య. "కింద తీసుకునే వరకూ మాది కాదు. నష్టం ఏదైనా జరిగితే మాకు సంబంధం లేదు."

"మరి ఎవరిది?"

అందరూ పరిమళరావు వైపు చూశారు.

పరిమళరావు మీసాలు తుడుచుకున్నాడు. "నియమం ప్రకారం చూస్తే, దారిలో ఉన్న సరుకు ఎవరి ఖాతాలోనూ ఉండదు."

ఈరమ్మకు ఎకసెక్కం తెలియదు. అర్థం కాకే అడిగింది.

"ఎవరిదీ కాకపోతే, వద్దనడానికి మీరెవరమ్మా?"

శూలమ్మ జవాబు కోసం వెతికింది. జీవితమంతా వద్దని చెప్పింది. ఎప్పుడూ కారణం చేతికి అందేంత దగ్గర్లో ఉండేది. ఇప్పుడు తడిమి చూస్తే ఏమీ తగల్లేదు. ఈరమ్మ వీపు మీద చిన్నపిల్ల తన తడి పాదాన్నే నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. రుచి లేకపోయినా వదలడం లేదు.

శూలమ్మ ముళ్లు ఒక్కొక్కటే వాలాయి.

"సరే," అంది. "వరసలో నిలబడండి."

వరసకు అక్కడ చోటెక్కడుంది? గంగులప్ప అడ్డంగా ఉన్నాడు. చివరికి ఆయన వీపునే బల్లగా చేసుకున్నారు. ధవళయ్యను దించి పక్కన నిలబెట్టారు. అవతలి మేకలు బుట్టలు అందిస్తే కోతులు వాటిని వీపు మీద గుమ్మరించాయి. ఇవతల శూలమ్మ కొలిచి పంచింది. మొదట గుప్పెళ్లతో కొలిచింది. కాసేపటికి దోసిళ్లతో కొలిచింది. ఆ తర్వాత కొలవడం మానేసింది.

"నాకేదీ?" అన్నాడు గంగులప్ప తల తిప్పలేక.

"వరసలో రండి," అంది శూలమ్మ.

"కదలలేను కదమ్మా!"

ముసలి కణుజు జాలిపడి నాలుగు దుంపలు తీసి ఆయన నోటికి అందించింది. గంగులప్ప నమిలి, "మంచి సరుకే," అన్నాడు. అన్ని ఏళ్లు ఛైర్మనుగా ఉండి ఆ గిడ్డంగి సరుకును నలుగురితో కలిసి తినడం ఆయనకదే మొదటిసారి.

వాన తగ్గేదాకా అందరూ అక్కడే ఉన్నారు. అడవిపందులు పాత పాటలు పాడాయి. పరిమళరావు కుందేళ్ల మధ్య వెచ్చగా ముడుచుకుని పడుకున్నాడు. ఈరమ్మ పిల్లలు ముళ్లు గుచ్చుకోకుండా శూలమ్మకు దగ్గరగా ఎలా కూర్చోవాలో కనిపెట్టారు. పక్కగా, తల ఆమె ఒళ్లో వచ్చేలా. శూలమ్మ కదిలితే వాళ్లు లేస్తారేమోనని కాళ్లు తిమ్మిరెక్కినా కదలకుండా కూర్చుంది.

బుట్టలు ఖాళీ అయ్యాయి. ఎండ వచ్చింది. తిండి తక్కువై కాస్త చిక్కిన గంగులప్ప ఒక పొద్దున తనంతట తానే బండ నుంచి ఊడివచ్చాడు.

దిగి చూస్తే కింది గిడ్డంగి లేదు. బోర్డుతో సహా వాగులో పోయింది. ఎక్కి చూస్తే పై గుహ నోటికి ఏనుగులు కూడా కదపలేని బండ అడ్డం పడి ఉంది.

పాలకమండలి సమావేశమైంది. శూలమ్మకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు. అనుమతి లేకుండా సరుకు పంచిపెట్టినందుకు.

"ఎవరి సరుకు?" అంది శూలమ్మ.

మండలి తర్జనభర్జన పడింది. కింది గిడ్డంగిదంటే, కింద లెక్క ముగిసింది. పై గిడ్డంగిదంటే, పైన లెక్క ముగిసింది. ఎవరిదో తేలనిదే తప్పు ఎవరి పట్ల జరిగిందో తేలదు. చివరికి 'దారి తరుగు' అని రాసి నోటీసు వెనక్కి తీసుకున్నారు.

ధవళయ్య మళ్లీ తన చోటికి ఎక్కి చెవిలో ఏదో చెప్పాడు. గంగులప్ప లేచి నిలబడ్డాడు.

"మిత్రులారా! ఇంత పెద్ద వరదలో మన సరుకు ఒక్క గింజ కొట్టుకుపోలేదు. ఇన్ని బండలు కూలినా ఒక్క పువ్వు నలగలేదు. ఇది ఆగని పని పథకం సాధించిన విజయం!"

ఆ మాటలో అబద్ధం వెతుకుదామంటే ఎవరికీ దొరకలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. పరిమళరావుకు శాలువా కప్పారు. ఆయన లేచి, ఈ అనుభవంతో పథకాన్ని మరింత బలపరిచానని చెప్పాడు. ఇక నుంచి గిడ్డంగులు మూడు. ఒక్కొక్కటి ఇంకా పెద్దది. ఏ ఆపద వచ్చినా మూడూ ఖాళీ చేయాలి.

"ఒకదానికొకటి ఎదురొస్తే?" అంది శూలమ్మ.

"ఈసారి ఆ అవకాశాన్ని పరిశీలించి, జరుగుతుందనే నిర్ణయించామమ్మా," అన్నాడు పరిమళరావు. "అందుకని కనుమ దారిని వెడల్పు చేయాలని మండలికి సిఫారసు చేశాం."

సభ వెనక వరసల్లో ఒక్కసారిగా కలకలం రేగింది. కోతులు, కుందేళ్లు, ముసలి కణుజు అంతా లేచి నిలబడ్డారు. సభల్లో ఎప్పుడూ ఏదీ అడగని ఈరమ్మ రెండు చేతులూ ఎత్తింది.

"అయ్యా, గిడ్డంగులు ఎన్నైనా కట్టుకోండి. దారి జోలికి మాత్రం పోకండి!"

జనాభిప్రాయాన్ని గౌరవిస్తూ మండలి ఆ ఒక్క సిఫారసును పక్కన పెట్టింది. మూడో గిడ్డంగికి శూలమ్మనే వేశారు. ఆమె కాదనలేదు. మబ్బు పట్టిన రోజు మాత్రం అందరికంటే ముందు బుట్టలు సర్దుకుని, ఇంకా చినుకైనా పడకముందే, ఆపదొచ్చిందని ప్రకటించి కనుమకు బయల్దేరేది.

ఇంతకీ ఈ కథ విన్నవాళ్లు తెలుసుకోవాల్సింది ఒక్కటే: ఆపద పథకం ఎంత పెద్దదైతే అంత మంచిది, కుప్పకూలినప్పుడు అంత ఎక్కువమంది తింటారు.